బటానీ గింజలు – గురులఘువులు

1983వ సంవత్సరమున మా తండ్రిగారు పల్నాటిలోని మా మెట్టచేనిలో మొదటిసారిగా హైబ్రిడ్ జొన్న వేసినారు. విత్తనము బజారున కొన్నది. చేనంతయు అచ్చు పోసినట్లు ఒకే ఎత్తున లేచినది. ఇంచుమించు ఒకే వారములో కంకి వేసినది. గింజ బరువునకు కంకులు వ్రాలినవి. కోతలనాడు తండ్రిగారు స్వయముగా చేనంతయు తిరిగి, ఎంచి ఎంచి, మేలైన కంకులను వేరుచేసి, కట్టలు కట్టించి, కొట్టములో దూలమునకు వ్రేలాడదీయించినారు. అది మరుసటి యేటి విత్తనము. ఆయన తండ్రి చేసినది అదే, తాత చేసినది అదే. మంచి కంకి చూచి విత్తనము కట్టవలెననుట మా యింట వేదవాక్యము.

మరుసటి యేడు ఆ విత్తనమే వేసినారు. మొలక బాగుగనే వచ్చినది. రెండు నెలలు గడచునప్పటికి దారిన పోవువారు గట్టుమీద నిలిచి చూడసాగినారు. ఒక మొక్క మొలలోతు, దాని ప్రక్కది నిలువెత్తు. ఒకటి ముందే కంకి వేసి పిట్టలపాలైనది. ఒకటి పంటకాలము గడచినను ఆకుతోనే నిలిచినది. వచ్చిన గింజ క్రిందటి యేటిదానిలో సగము కూడ లేదు. మా అక్కయ్య పెండ్లి మాటలు ఆ యేటికి ఆగిపోయినవి. విత్తనము ఎవరో మార్చినారని తండ్రిగారికి తోచినది. కొట్టము తాళపుచెవి మా పెదతండ్రిగారి కుమారుని వద్ద ఉండెడిది. ఆయనతో తండ్రిగారు మాటలాడుట మానివేసినారు. ఆ మౌనము ఇరువది యేండ్లకు పైగా నడచినది. 2004లో తండ్రిగారు కాలము చేసిననాడు గూడ అన్నయ్య వీధి అరుగుమీదనే కూర్చుండెను గాని లోనికి రాలేదు.

ఆ చేనిలో ఏమి జరిగినదో నాకు తెలిసినది 2009లో. తెలిసినది వృక్షశాస్త్ర గ్రంథము వలన గాదు, ఛందశ్శాస్త్రము వలన. నేను తరగతిలో ప్రస్తారము చెప్పుచుంటిని. రెండక్షరముల అత్యుక్తచ్ఛందమున నాలుగు భేదములు, నాలుగక్షరముల ప్రతిష్ఠాచ్ఛందమున పదునారు భేదములు అని నల్లబల్లమీద గురులఘువుల పట్టికలు వేసియుంటిని. గంట మ్రోగినది. తరువాతి తరగతికి వచ్చిన వృక్షశాస్త్రోపన్యాసకులు బల్లను చూచి, "పనెట్ గళ్ళు మీరెందుకు వేసినారండీ?" అని అడిగినారు. నేను తెల్లబోయితిని. ఆయన తుడుపుగుడ్డ తీసికొనక, నా పట్టికమీదనే ఆనాటి పాఠము చెప్పినారు. నేను వెనుక బల్లపై కూర్చుండి వింటిని. ఆ పాఠమునే చదువరులకు నా తోచిన రీతిలో ఇచట విన్నవించుచున్నాను.

ఆస్ట్రియా సామ్రాజ్యములోని మొరావియా ప్రాంతమున బ్రున్ అను పట్టణము కలదు; నేడది చెక్ దేశములోని బర్నో. అచటి అగస్టీనియన్ మఠమున 1843లో చేరిన గ్రెగర్ మెండెల్ రైతుబిడ్డ. చదువునకు డబ్బు లేక ఇబ్బందిపడిన కాలమున చెల్లెలు తన కట్నపు భాగము నుండి ఇచ్చి ఆదుకొన్నది. ఉపాధ్యాయ పరీక్షలో 1850లో తప్పినాడు. వియన్నా విశ్వవిద్యాలయమున రెండేండ్లు భౌతికశాస్త్రము, గణితము, వృక్షశాస్త్రము చదివి వచ్చి, 1856లో మరల ప్రయత్నించి ఆ పరీక్ష పూర్తి చేయలేకపోయినాడు. పరీక్షలు తప్పిన విద్యార్థులను చూచునప్పుడెల్ల నాకీ మాట గుర్తుకు వచ్చును. వారితో చెప్పుటకు మాత్రము కొంచెము సంకోచింతును.

అదే 1856లో మఠపు తోటలో, దాదాపు 35 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు గల చిన్న మడిలో, అతడు బటానీ మొక్కలమీద ప్రయోగములు మొదలుపెట్టినాడు. బటానీనే ఎందుకు ఎంచుకొన్నాడు? బటానీ పువ్వు తలుపులు మూసికొని కాపురము చేయు పువ్వు. దాని క్రింది రేకలు పడవవలె కలిసి కేసరములను, కీలాగ్రమును లోపల దాచియుంచును. తన పుప్పొడి తనకే చేరును. కనుక మనము జోక్యము చేసికొననంత కాలము వంశము కల్తీ కాదు. కలుపదలచినప్పుడు మొగ్గ విచ్చకముందే దానిని తెరచి, కేసరములను శ్రావణముతో తీసివేసి, వేరొక మొక్క పుప్పొడిని కీలాగ్రమునకు అంటింపవచ్చును. మెండెల్ 34 రకముల విత్తనములు తెప్పించి, రెండేండ్లు వట్టిగా పెంచి పరీక్షించి, తరము మారినను గుణము మారని 22 రకములను మాత్రమే నిలుపుకొన్నాడు. ఈ రెండేండ్ల ఓపికను గూర్చి ఎవరును అంతగా చెప్పుకొనరు. నాకు మాత్రము మొత్తము కథలో ఇదియే గొప్పగా తోచును. కలుపుటకు ముందు, కలుపనిది ఏమో తెలిసికొన్నాడు.

గుండ్రని గింజల రకమును ముడుత గింజల రకముతో కలిపినాడు. పుట్టిన గింజలన్నియు గుండ్రనివే. తల్లి గుండ్రమైనను, తండ్రి గుండ్రమైనను ఒకటే ఫలితము. సగము ముడుతపడిన గింజ ఒక్కటియు లేదు. పాలు, నీరు కలిసినట్లు తల్లిదండ్రుల గుణములు బిడ్డలలో కలిసిపోవునని ఆనాడు పలువురు తలంచుచుండిరి. ఇచట ఒకటి పూర్తిగా నిలిచినది, ఒకటి పూర్తిగా మాయమైనది. ఆ గుండ్రని సంకరపు గింజలను నాటి, 253 మొక్కలను వాటంతట వాటినే ఫలింపనిచ్చినాడు. కాయలొలిచి లెక్కించినాడు. మొత్తము 7,324 గింజలు. అందు 5,474 గుండ్రనివి, 1,850 ముడుతవి. మాయమైన ముడుత మనుమల తరమున మరల వచ్చినది. "తాత పోలిక" అని మనవారు అనుమాట ఊరక పుట్టలేదు గదా! అయితే, వచ్చినదని చెప్పుట వేరు, ఎంత వచ్చినదని లెక్కించుట వేరు. పసుపు, ఆకుపచ్చ రంగుల గింజలలో 6,022కు 2,001. పొడుగు, పొట్టి మొక్కలలో 787కు 277. మొత్తము ఏడు జతల గుణములను పరీక్షించినాడు. ఏడింటను మూడింటికొకటి అను పాలే.

ఈ మూడు, ఒకటి ఎచటివి? ఇక నా నల్లబల్ల దగ్గరకు వత్తము. గింజయొక్క ఆకారమును గూర్చిన ఆజ్ఞలు ప్రతి మొక్కలోను రెండుండును. ఒకటి తల్లి ఇచ్చినది, ఒకటి తండ్రి ఇచ్చినది. నేడు వానిని జన్యువులని అందుము. గుండ్రమును కలిగించు దానిని గురువనియు, ముడుతను కలిగించు దానిని లఘువనియు పిలుతము. మెండెల్ పెద్ద అక్షరము, చిన్న అక్షరము వాడినాడు. మన లిపిలో ఆ భేదము లేదు గనుక నాకీ సదుపాయము. గురువొక్కటి ఉన్నను చాలును, గింజ గుండ్రమగును. లఘువులు రెండును కలిసిననే ముడుత. శాస్త్రజ్ఞులు మొదటిదానిని బహిర్గతమనియు, రెండవదానిని అంతర్గతమనియు అందురు. పుప్పొడిలోనికి గాని, అండములోనికి గాని ఈ రెండింటిలో ఒక్కటియే పోవును. ఏది పోవుననునది సరిసమానమైన అవకాశము.

స్వచ్ఛమైన గుండ్రము 'గగ', స్వచ్ఛమైన ముడుత 'లల'. వాని సంతానమంతయు 'గల', చూపునకు గుండ్రమే. ఆ 'గల' మొక్క తన్ను తాను ఫలింపజేసికొన్నప్పుడు అత్యుక్తచ్ఛంద ప్రస్తారమే వచ్చును: గగ, లగ, గల, లల. నాలుగింట మూడు గురువు గలవి, గుండ్రనివి, ఒకటి ముడుత. మన విద్యార్థులు పరీక్షల కొరకు వల్లించు ఆ నాలుగు పంక్తులే! రెజినాల్డ్ పనెట్ అను కేంబ్రిడ్జి పండితుడు ఇరువదవ శతాబ్ది మొదటి దశకమున దానిని నాలుగు గళ్ళ పట్టికగా చేసి చూపుటచే అది ఆయన పేర వెలసినది. మెండెల్‌కు మన పింగళాచార్యుడు తెలియడు. తెలియవలసిన పనియు లేదు. ఇది మనకు ముందే తెలియునని జబ్బలు చరచుకొను వారి వరుసలో నేను నిలువను. మన లాక్షణికులు పద్యములను లెక్కించిరి గాని బటానీలను లెక్కింపలేదు.

ఇచట ఒక చిక్కు కలదు. గుండ్రని గింజలు మూడింటిలో ఒకటి గగ, రెండు గుప్తముగా లఘువును మోయునవి. పైకి మూడును ఒకటే. వేరుచేయుట ఎట్లు? మెండెల్ ఆ గుండ్రని గింజలను నాటి 565 మొక్కలను పెంచినాడు. అందు 193 మొక్కలు గుండ్రని గింజలనే ఇచ్చినవి. 372 మొక్కలు రెండు తెగలను ఇచ్చినవి. ఒకటికి రెండు. లెక్క చెప్పిన మాట చేను చెప్పినది. ఇంకొక ఉపాయము కూడ కలదు: అనుమానమున్న మొక్కను ముడుత మొక్కతో, అనగా లల తో, కలుపుట. లల వైపు నుండి దాచుటకు గురువు రాదు గనుక, అనుమానితుని గుట్టు బిడ్డలలో బయటపడును. అది గగ అయినచో ముడుత బిడ్డ ఎన్నటికిని పుట్టదు. గల అయినచో సగము ముడుతలు. పది గింజలు వరుసగా గుండ్రనివే వచ్చినచో, అది గల అయియుండియు మనలను మోసగించుటకు 1,024 పాళ్ళలో ఒక పాలు మాత్రమే అవకాశము.

గుణములు రెండైనప్పుడు ప్రస్తారము నాలుగక్షరములకు పెరుగును. మొదటి రెండు ఆకారమునకు, తరువాతి రెండు రంగునకు. పసుపు గురువు, ఆకుపచ్చ లఘువు. పదునారు భేదములను వ్రాసి చూచినచో తొమ్మిది గుండ్రము పసుపు, మూడు గుండ్రము ఆకుపచ్చ, మూడు ముడుత పసుపు, ఒకటి ముడుత ఆకుపచ్చ. మెండెల్‌కు 15 మొక్కల నుండి వచ్చిన 556 గింజలలో అవి వరుసగా 315, 108, 101, 32. ఆ సంకరమునే ముడుత, ఆకుపచ్చ రకముతో కలిపినప్పుడు నాలుగు తెగలును సమానముగా రావలయునని ముందే చెప్పినాడు. వచ్చినవి 31, 26, 27, 26. జోస్యము చెప్పి, ఫలితమునకై తోటలో వేచియున్న మనుష్యుని మనము ఊహింపవలెను.

ఈ జోస్యము గుంపును గూర్చినది గాని, ఒక్క గింజను గూర్చినది గాదు. చింతపిక్కలు అరగదీసి ఆడిన వారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. రెండు పందెములలో రానిది రెండువేల పందెములలో వచ్చును. మెండెల్‌కు ఒక మొక్కనుండి 43 గుండ్రములు, రెండే ముడుతలు వచ్చినవి. ఇంకొక మొక్కనుండి 14 గుండ్రములు, 15 ముడుతలు వచ్చినవి. వీనిని అతడు దాచలేదు, అచ్చు వేయించినాడు. మొత్తముమీద అతని అంకెలు ఉండవలసిన దానికన్న సరిగా ఉన్నవని 1936లో ఫిషర్ అను గణాంకశాస్త్రజ్ఞుడు ఆక్షేపించినాడు. ఆ వాదమెట్లున్నను, పిమ్మట ఎందరు నాటి చూచినను మూడింటికొకటి తప్పలేదు.

1865 ఫిబ్రవరి 8న, మార్చి 8న బ్రున్ ప్రకృతిశాస్త్ర సంఘమున తన పరిశోధన చదివినాడు. 1866లో అది అచ్చయినది. నేగెలీ అను పేరుపొందిన పండితునికి వ్రాసినాడు. ఆయన దీనిని లక్ష్యపెట్టక, తాను పనిచేయు హాక్‌వీడ్ అను మొక్కమీద ప్రయోగింపుమని ప్రోత్సహించినాడు. ఆ మొక్కలు చాలవరకు ఫలదీకరణము లేకయే విత్తనము కట్టునని నాడెవరికిని తెలియదు. మెండెల్ కన్నులు చెడునంతగా శ్రమపడినను అందు మూడింటికొకటి కనబడలేదు. 1868లో మఠాధిపతియై, పన్నుల వివాదములలో చిక్కుకొని, 1884లో మరణించినాడు. 1900లో డీవ్రీస్, కోరెన్స్, షెర్మాక్ అను మువ్వురు వేరువేరు దేశములలో ఆ సత్యమునే తిరిగి కనుగొన్న తరువాత గాని లోకమతని వ్యాసమును విప్పి చదువలేదు.

అన్ని గుణములును ఇట్లు గురులఘువుల వలె నడువవు. మన పెరళ్ళలోని చంద్రకాంతను చూడుడు. ఎఱ్ఱని పూల మొక్కను తెల్లపూల మొక్కతో కలిపినచో గులాబీరంగు పూలు పూయును. అందు గురువు లఘువును పూర్తిగా కప్పలేదు. కాని ఆ గులాబీరంగు మొక్కల సంతానమున ఎఱుపు ఒక పాలు, గులాబీ రెండు పాళ్ళు, తెలుపు ఒక పాలు మరల విడిపడును. కలిసినట్లు కనబడినను రంగులు కలియలేదు.

ముడుతకు కారణము 1990లో ఇంగ్లండునందలి నారిచ్ పట్టణమున, జాన్ ఇన్నెస్ సంస్థలో తెలిసినది. గింజలోని చక్కెరను శాఖలుగల పిండిపదార్థముగా మార్చు ఎంజైము ఒకటి కలదు. దాని జన్యువు నడుమ సుమారు 800 అక్షరముల ప్రక్షిప్తము ప్రవేశించుటచే ఆ పాఠము చెడినది. పిండి తగ్గి, చక్కెర మిగిలి, నీరు ఎక్కువగా చేరి, ఎండినప్పుడు గింజ ముడుతపడును. మంచి ప్రతి ఒక్కటి ఉన్నను పని జరిగిపోవును. గురువు ఆధిక్యమునకు అర్థమిదియే. ప్రక్షిప్తములతో కుస్తీపట్టు మావంటి వారికి ఈ వార్త మిక్కిలి ఆత్మీయముగా తోచినది. మెండెల్ ఏడు గుణములలో చివరి మూడింటి జన్యువులు 2025లో గాని బయటపడలేదు.

తెలుగు వారి పళ్ళెము లోనికి ఈ లెక్క ఎట్లు వచ్చినదో చెప్పవలెను. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో 1962లో ఇండొనేషియాకు చెందిన పేటా అను పొడవాటి వరిని, తైవానుకు చెందిన డీ-జియో-వూ-జెన్ అను పొట్టి వరితో కలిపినారు. మొదటి తరమంతయు పొడుగు. తెలియనివాడు పొట్టిదనము పోయినదనుకొని పారవేసెడివాడే. రెండవ తరమున నాలుగింట ఒకటి పొట్టిది వచ్చినది. పొట్టిదనము ఒక్క అంతర్గత జన్యువు చేతిలోనిదని తేలినది. లల యైన మొక్కకు దాచుకొనునది ఏమియు లేదు గనుక, అది ఆ తరముననే స్థిరపడినది. ఆ కలయికనుండి 1966లో ఐ.ఆర్. 8 వెలువడినది. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు 1967లో దానిని పండించి ఎకరముల లెక్కనే మార్చివేసినారు. బాపట్లనుండి 1986లో విడుదలైన సాంబ మసూరిలో, అనగా బి.పి.టి. 5204లో, తైచుంగ్ నేటివ్ 1 ద్వారా అదే పొట్టి జన్యువు ఉన్నది.

ఆ సాంబ మసూరికి బాక్టీరియా ఎండాకు తెగులంటే భయము. హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థవారు, సి.సి.ఎం.బి. వారు కలిసి దానికి మూడు నిరోధక జన్యువులను చేర్చి, 2008లో మెరుగైన సాంబ మసూరిని ఇచ్చినారు. మూడింటిలో ఒకటి గురువు. ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరినుండి వచ్చినది. రెండు లఘువులు. మాటిమాటికి సాంబ మసూరితో వెనుకకు కలుపుచుండగా, ఆ లఘువులు గురువుల చాటున దాగి, మోయుచున్న మొక్క కూడ తెగులునకు లొంగును. కంటికి కనబడని వానిని డి.ఎన్.ఏ. గుర్తులతో పట్టినారు. చివర మూడును జంటలుగా స్థిరపడిన మొక్క కావలెనన్నచో ఆరక్షరముల గాయత్రీచ్ఛందము చూడుడు: 64 భేదములు; అందు కావలసినది ఒక్కటి.

ఇక మా జొన్నచేను. కొన్న విత్తనము రెండు స్వచ్ఛమైన వంశముల కలయిక. ప్రతి గింజయు గల, గల, గల. అందుకే చేనంతయు ఒకే అచ్చు. ఆ రెండు వంశములు పది జన్యువులలో భిన్నములనుకొందము. నిజమునకు అంతకన్న చాల ఎక్కువ. రెండవ తరమున వాని ప్రస్తారము ఇరువది అక్షరములు, ఉత్పలమాల పుట్టిన కృతిచ్ఛందము: 10,48,576 భేదములు. వానిలో పది జతలును మరల గురులఘువులుగా కుదిరినవి, అనగా మొదటి యేటి మొక్కను పోలినవి, 1,024లో ఒక్క పాలు. తండ్రిగారు ఎంత మంచి కంకి ఎంచినను, ఎంచిన కంకులన్నిటను ఒకటే కలగలుపు. పాత నాటుజొన్నలో ఆయన పద్ధతి సరియైనదే. అది తరతరములుగా స్థిరపడిన వంశము. ఎవ్వరును కొట్టము తెరువలేదు. ఎవ్వరును కట్టలు మార్చలేదు.

క్రిందటి సంక్రాంతికి మా ఊరు పోయినప్పుడు అన్నయ్య ఇంటికి పోతిని. ఎనుబది దాటినవాడు. గేదె దగ్గర మోడామీద కూర్చుండియుండెను. ఇసుకమీద పుల్లతో గ, ల వ్రాసి, నాలుగు పంక్తులు వేసి, మెల్లగా చెప్పితిని. ఆయన చివరి వరకు విన్నాడు. పుల్ల తీసికొని నాలుగవ పంక్తి క్రింద తానొక గీత గీసినాడు.

"అయితే అది ఆ విత్తనములోనే ఉన్నదన్నమాట."

"ఆ విత్తనములోనే ఉన్నదన్నయ్యా."

"మీ నాయన ఉండగా చెప్పవలసినది, తమ్ముడూ."

అప్పుడు నాకు తెలియదంటిని. ఆయన తల ఊపి, లేచి, గేదెకు చొప్ప వేయుటకు పోయినాడు.